విమానం గిన్నె

ఇన్నాళ్ళూ ఇది రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు రాయడం రాకపోవడం. మా రోజుల్లో ఆడపిల్లకి పలక కంటే చేట ముందు చేతికిచ్చేవాళ్ళు. నేను అక్షరాలు దిద్దింది అరవై దాటాక, మా వీధి బడిలో, సాయంత్రాలు. మొన్న లోహాల చదువు చదువుతున్న మా మనవరాలు సెలవులకి వచ్చి పాఠం పైకి చదువుకుంటుంటే నా చెవి అటు పడింది. అల్యూమినియంలో మెగ్నీషియం తగుమాత్రంగా కలిపి, కుదురుగా రేకు సాగదీస్తే సముద్రపు ఉప్పుకి కూడా తట్టుకుంటుందట. మోతాదు మించి కలిపి, ఆపైన సెగ తగలనిస్తే ఉప్పు దాన్ని లోలోపలే తినేస్తుందట. అదే రాగి కలిపితే బలం వస్తుంది గానీ ఉప్పు తగిలిన చోటల్లా గుంటలు పడతాయట. పాత విమానాల్లో వాడింది ఎక్కువగా ఈ రాగి కలిసిందేనని అది చదివేసరికి, వలుస్తున్న చిక్కుడుకాయలు పక్కన పెట్టేశాను.

రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన కొత్తలో నేను నరసరావుపేట దగ్గర పల్లెకి కోడలిగా వచ్చాను. పుట్టింటి నుంచి తెచ్చుకున్న సామానులో పల్చని రేకు సత్తు గిన్నె ఒకటి ఉండేది. అల్యూమినియాన్ని మేం సత్తు అనేవాళ్ళం. ఆ ఏడు కోటప్పకొండ తిరునాళ్ళలో మా అత్త మందపాటి పోత గిన్నె కొన్నది. కూలిన విమానాల తుక్కు కరిగించి పోసిందని, మనవళ్ళ కాలానికీ చెక్కుచెదరదని అంగడివాడు చెప్పాడట. ఊళ్ళో ఎవరింట్లోనూ లేని విమానం గిన్నె తన వంటింటికి వచ్చిందని ఆవిడ ఇరుగుపొరుగుని పిలిచి మరీ చూపించేది. నా గిన్నె మాత్రం కోళ్ళకి నీళ్ళు పెట్టడానికి పెరట్లోకి పోయింది.

వానాకాలం వచ్చేసరికి, రోజూ గోంగూర, చింతపండు పులుసు ఉడికే ఆ విమానం గిన్నె లోపలంతా తెల్లటి పొడి, గీకితే దాని కింద నల్లటి గుంటలు. ఆకాశంలో ఎగిరిన లోహం చెడదు కాబట్టి చెడగొట్టింది రోజూ దాన్ని తోమే నా చెయ్యేనని తేల్చారు. మా వైపు పచ్చళ్ళు పెట్టేటప్పుడు చెయ్యి మంచిది కాదని కొందరిని జాడీల దగ్గరికి రానివ్వరు. నన్ను ఆ కొందరిలో కలిపేశారు.

"నీది ఉప్పు చెయ్యే. ఇయ్యాల గిన్నెను తింది, రేపు నా కొడుకును తినదా ఏంది?" అంది మా అత్త, అందరూ వింటుండగా.

"నీ కోడలు చెయ్యి కడిగిన నీళ్ళు చేలో చల్లు వదినా, కలుపంతా మాడి కూలి మిగులుద్ది" అంది పొరుగింటి పిన్ని. అందరూ నవ్వారు.

నన్ను వంటింటి గడప తొక్కనివ్వలేదు. వచ్చి తీసుకుపొమ్మని మా నాన్నకి కబురు వెళ్ళింది. అలా వెనక్కి వెళ్ళిన పిల్లకి ఇక సొంత పొయ్యి ఉండదని నాకు తెలుసు. అయినా ఏడవలేదు.

"బుద్ధెరిగినకాణ్ణుంచి నేను తోమిన గిన్నె పెరట్లో ఉంది అత్తా, దానికేం కాలేదేం? రెండూ నువ్వే తోము, ఒకటే పులుసు రెండిట్లో నువ్వే పోయ్, మూతికి గుడ్డ నువ్వే కట్టు. నేను ముట్టను. నాన్న వచ్చే ముందు ఇప్పి చూడు. నాదీ గుంటలు పడితే నేనే బండెక్కుతా" అన్నాను.

"చానా మాటలు నేర్చావే" అంది అత్త.

అరుగు మీది మామ మాత్రం, "పోసి చూడవే, పోతే పులుసేగా" అన్నాడు.

అత్త గొణుక్కుంటూనే రెండూ తోమి, పులుసు పోసి, గుడ్డలు కట్టింది. నాన్న రేపు వస్తాడనగా ఆ సాయంత్రం విప్పింది. నా గిన్నె కాస్త మసకబారింది, అంతే. ఇసకతో తోమి తళతళలాడించిన విమానం గిన్నె మళ్ళీ తెల్లటి పొడి కక్కింది. ఎత్తి చూస్తే అడుగున సూది మొనంత చిల్లు, అందులోంచి పులుసు బొట్టు బొట్టుగా కారుతోంది. ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసి గోడ వారన బోర్లించింది. నా చెయ్యి మంచిదని ఆ రోజూ అనలేదు, పోయేదాకా అనలేదు.

ఇప్పుడు అందరి ఇళ్ళలోనూ స్టీలే. గిన్నె పాడైతే కొట్టువాణ్ణి అడుగుతారు, కోడలి చెయ్యి చూడరు. గుంటలెందుకు పడ్డాయో మనవరాలి పుస్తకంలో నాలుగు వాక్యాల్లో ఉంది. ఆ నాలుగు వాక్యాలూ మా నాన్నకి కబురు వెళ్ళకముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండునని మనసు గుంజుతుంది. అవి లేకుండానే నిలబడ్డానన్న మాటా నేను వదులుకోను.

గుడ్డలు విప్పిన మర్నాడు పొద్దున నాన్న బండి తోలుకొచ్చాడు. నేను ఎద్దులకి కుడితి పెట్టి, లోపలికి వెళ్ళి, ఎవరినీ అడక్కుండా పొయ్యి రాజేసి, నా సత్తు గిన్నెలో గోంగూర ఉడకేశాను. మొదటి ముద్ద అత్త కంచంలోనే వేశాను.