మిగిలిపోయిన కుడి అద్దం

నాచారంలో మేమంతా ఉస్తాద్ అని పిలుచుకున్న మనిషి ఇక లేరు. సోమవారం సాయంత్రం ఒక తెల్లకారు ఎడమ అద్దానికి ఫిలిం వేయడం ముగించి, "కుడిది రేపు జేస్త తమ్మీ, పొద్దుగాల చెయ్యి హల్కగ ఉంటది" అని నాతో చెప్పి ఇంటికి వెళ్లారు. మంగళవారం తెల్లవారుతుండగా ఆయన కూతురు ఫోను చేసింది. "బాపు నిద్రల్నే పోయిండు అన్నా."

కార్ల పక్క అద్దాల వెనకవైపు డొప్పలకు గీతలు పడకుండా అంటించే పారదర్శకమైన ఫిలిం మా వీధికి కొత్త. ఉప్పల్ రద్దీలో ఆటోలు ముందుగా రాసుకునేది ఆ డొప్పలనే. ఏళ్ల తరబడి రేడియం అక్షరాలు కోసిన ఉస్తాద్ ఈ పనిని తనంతట తానే పట్టుకున్నారు. కొత్త రాష్ట్రం వస్తే నంబరు పలకల పని ముంచెత్తుతుందని తెచ్చిపెట్టుకున్న రేడియం చుట్టలు ఇంకా విప్పనేలేదు.

మల్లాపూర్‌లో నేను పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన దగ్గర చేరాను. "నోటితోని చెప్తే చేతికి రాదు" అని ఆయన ఏదీ కూర్చోబెట్టి నేర్పలేదు, తప్పు చేస్తే గదమాయించేవారు, అంతే. చూసినవన్నీ వరుస సంఖ్యలు వేసి పుస్తకంలో రాసుకున్నాను. ఫిలిం జిగురువైపు తాకేముందు వేళ్లు తడపాలి. పెయింటు మీద బ్లేడు ఆనించకూడదు. పద్నాలుగోది మాత్రం ప్రశ్నగానే మిగిలింది: పని మొదలుపెట్టే ముందు ఆయన డ్రైవరు సీట్లో చేతులు ఒళ్లో పెట్టుకుని ఎందుకు కూర్చుంటారు?

ఒకసారి అడిగాను. "ఏసీ మంచిగ వస్తదా అని సూస్తున్న. గది గూడ నీ బుక్కుల రాసుకో" అన్నారు. ఇంకోసారి, అడగకుండానే, "ఎడమది సూసెటోళ్లది, కుడిది నడిపెటోనిది. రెండు ఒక్క పని గాదు తమ్మీ" అన్నారు. మాట బాగుందని రాసుకున్నాను, అంతే.

ఆ తెల్లకారు లాలాపేట్‌లో ఉండే ఒక రిటైర్డు రైల్వే ఇంజనీరుగారిది. గురువారం వచ్చారు. "తొందరేం లేదండీ. కానీ రెండు అద్దాలూ ఒక్కలా కుదరాలి. కుదరదంటే ముందే చెప్పండి, ఎడమది కూడా తీయించి రెండూ ఇంకోచోట వేయించుకుంటాను." ఆయన మాట న్యాయమైనదే. కానీ తీయించబోయేది ఉస్తాద్ చేసిన చివరి పని. రేపటికి చేస్తానన్నాను.

ఆ డొప్ప వంపుకు అతుకు లేకుండా ఫిలిం కూర్చోదు. మరి ఎడమ అద్దంలో అతుకు ఎక్కడ? టార్చితో, గోటితో గంటసేపు వెతికాను. తలుపును ఆనుకుని ఉన్న లోపలి అంచున దొరికింది. దాని పక్కనే, ఫిలిం కింద, ఒక బొటనవేలి ముద్ర. రోజుకు పదిసార్లు "వేళ్లు తడుపు" అని నన్ను గదమాయించిన మనిషి ఆ సాయంత్రం తాను మరిచిపోయారు.

అదే కొలతను తిరగేసి కుడి అద్దానికి ఫిలిం కోశాను. అంటించబోతూ ఆగి, పద్నాలుగో ప్రశ్నకు ఇంకా జవాబు రాయలేదన్న సంగతి గుర్తొచ్చి, డ్రైవరు సీట్లో కూర్చున్నాను. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. కుడి అద్దం లోపలి అంచు నా కళ్లకు మూరెడు దూరంలో ఉంది. ఎడమ అద్దానికి ఆ అంచు పక్కసీటుకు ఆవల, తలుపు చాటున పడుతుంది. ఆయన అతుకును అక్కడ దాచింది రోడ్డు మీద నిలబడి చూసేవాళ్ల నుంచి. నేను ఆయన్ని అనుకరించి ఉంటే, బండి నడిపే పెద్దాయన ప్రతిరోజూ నా అతుకునే చూసేవారు.

కోసిన ముక్క పక్కన పడేశాను. కొత్తది కోసి, అతుకును డొప్ప అడుగుకు మళ్లించాను.

శుక్రవారం ఇంజనీరుగారు సీట్లో కూర్చుని చూశారు. దిగి, కారు చుట్టూ తిరిగి చూశారు. "అతుకు దొరకలేదండీ" అన్నారు.

ఎడమ అద్దం ముద్ర నేనే చూపించాను. "ఇది ఉస్తాద్ వేలిముద్ర సార్. తప్పే. తియ్యమంటె తీసి మళ్ల ఏస్త."

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని వంగారు. "కడిగితే పోతుందా?"

"పోదు సార్. ఫిలిం కింద ఉంది."

"అయితే ఉండనివ్వండి" అని బండి ఎక్కారు.

మలుపు దగ్గర ఒక ఆటో ఎడమ అద్దాన్ని రాసుకుంటూ పోయింది. అద్దం లోపలికి ముడుచుకుంది. ఇంజనీరుగారు కారు ఆపి, కిటికీ దించి, పక్కసీటు మీదుగా వంగి చేయి చాపి, దాన్ని మెల్లగా ఎప్పటిలా నిలబెట్టుకుని ముందుకు సాగారు.