పొట్టేలు కాటుక

లోకానికంతకూ కన్నైన సూర్యభగవానునికి మ్రొక్కి, ఆయన వెలుగులో నా పాలికి మిగిలినంత మేరా ఇంకొకరి అజాగ్రత్తవల్ల తరిగిపోకుండుగాక అని వేడుకొని, విశ్వావసు నామ సంవత్సర మార్గశిర శుద్ధ పంచమీ మంగళవారం నాడు, ఉదయగిరి కొండ కనిపించే మా ఇంటి అరుగుమీద కూర్చుండి ఇది వ్రాస్తున్నాను. లోకోపకారం నా ఉద్దేశం కాదు, కలిగితే కలుగనీ. నా ఉద్దేశం పగ.

చిన్ననాట ఒంటిమీద అమ్మవారు పోసినప్పుడు నా ఎడమకన్ను పోయింది. బడిలో తెలుగు చెప్పి బ్రతికినదీ, కొలువు విరమించిన తరువాత సాయంకాలాలలో ఈ అరుగుమీద పురాణం చదివి అర్థం చెబుతున్నదీ కుడికన్ను ఒక్కదాని బలంతోనే. కాబట్టి నాకు కంటిజబ్బు అంటే పదిమందికి వచ్చే కంటిజబ్బు వంటిది కాదు. ఆ ఒక్క దీపం ఆరితే ఇల్లంతా చీకటే.

మా గోడకు ఆనుకొని ఉన్నది నా శత్రువు ఇల్లు. నా ఈడువాడు. గొర్రెలున్నాయి, మేకలున్నాయి, వాటన్నిటినీ మించిన మమకారంతో సాకుతున్న పొట్టేలొకటి ఉంది. దానికి మెడలో మువ్వలు, కొమ్ములకు నూనె, పూటపూటా నానవేసిన శనగలు. నేను పద్యం ఎత్తుకొన్నప్పుడల్లా ఆ పొట్టేలు అరిచేది. అతడు ఆనందంతో, "అయ్యోరా, నీ పద్యానికి మావాడు తాళం ఏస్తా ఉండాడు" అనేవాడు. విన్నవాళ్లు నవ్వేవారు. అది అప్పటికి సహించినాను.

మా వీధిలో ఒక ఆచారముంది. నిచ్చెన, గడ్డపార, జల్లెడ, ఇడ్లీపాత్ర ఒక ఇంట ఉంటే అందరి ఇళ్లలోనూ ఉన్నట్లే. అడగడం మర్యాద కూడా కాదు. వచ్చి తీసుకొనిపోతారు, తీరిక చూసుకొని తెచ్చి పెడతారు. కండ్లకలకలు వచ్చే రోజులలో కంటి చుక్కల సీసా కూడా ఈ సొత్తులో చేరుతుంది. ఒక ఇంట కొంటే అది గడప గడపా తిరిగి, అడుగంటిన తరువాత కొన్నవాని ఇల్లు చేరుతుంది.

మొన్నటి శ్రావణ బహుళంలో నా కుడికన్ను కలక పడింది. తెల్లవారి లేచేసరికి రెప్పలు పుసితో అంటుకొని, వేడినీళ్ల గుడ్డ వేస్తే తప్ప విడివడలేదు. మందుల అంగడికి పోయి ఏదో ఒకటి తెచ్చుకొమ్మన్నవారే గాని ఇంకొక మాట చెప్పినవారు లేరు. నాకున్నది ఒక్క కన్ను గనుక, ఇంటావిడను వెంటబెట్టుకొని బస్సెక్కి ఆత్మకూరులో కంటిడాక్టరమ్మ దగ్గరికి పోయినాను.

ఆమె దీపం వేసి చూసి, "పెద్దాయనా, ఇది బ్యాక్టీరియా వల్ల వచ్చిన కలక. యాంటీబయాటిక్ చుక్కలు రాస్తున్నాను. ప్రతి ఎర్రకన్నూ దీనికి లొంగదు, అందుకే అంగట్లో అడిగి తెచ్చుకోవద్దనేది. కొన్ని చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటుంది, అది తెలియక వేసుకుంటే కన్నే పోవచ్చు" అన్నది. తరువాత ఇంటావిడ వైపు తిరిగి విధి చెప్పింది. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. క్రింది రెప్పను మెల్లగా లాగి, ఏర్పడిన ఆ దొన్నెలో ఒక్క చుక్క. సీసా మూతి రెప్పకు గాని, వెంట్రుకకు గాని, వేలికి గాని తగలరాదు. వేసిన తరువాత కన్ను మూసి, ముక్కు ప్రక్కనున్న మూలను వేలితో కాసేపు అదమాలి. ఎర్రదనం తగ్గిందని మధ్యలో మానరాదు. తువ్వాలు వేరు, దిండుగలేబు వేరు.

"ఇంకొక మాట. ఈ సీసా ఈయనది. ఇంకొకరికి ఇయ్యకూడదు. నొప్పి పెరిగినా, చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా ఆగకుండా రండి."

ఇంటావిడ ఆ విధిని నోముపట్టినట్లు పట్టింది. కన్ను తేటపడసాగింది. పుసి ఆగింది. నేను మరల పుస్తకం దుమ్ము దులిపి పెట్టుకొన్నాను.

ఆ తరువాత ఒక ఉదయం కంట్లో సూది దిగినట్లైంది. వాకిలి తెరిస్తే వెలుతురు కత్తిలాగ తగిలింది. ఎదుటనున్న కొండ నీళ్లలో ముంచిన బొమ్మ అయింది. ఆత్మకూరు చేరేదాకా బస్సులో తలపైన తువ్వాలు కప్పుకొని కూర్చున్నాను. నన్ను ఇంటావిడ చేయి పట్టుకొని దింపింది. అది జీవితంలో మొదటిసారి.

డాక్టరమ్మ కంట్లో రంగుమందు వేసి, నీలిదీపంతో చాలాసేపు చూసింది. నల్లగుడ్డుమీద పుండు పడిందన్నది. "సీసా తెచ్చినారా?" అని అడిగింది. ఇంటావిడ సంచిలోనుండి తీసి ఇచ్చింది. ఆమె దానిని దీపం క్రింద పట్టి, కొనగోటితో మూతిమీదినుండి ఏదో లాగింది.

"ఏమిటమ్మా ఇది? బొచ్చు. దీన్ని గొర్రెలకు వేసినారా?"

ఇంటావిడ మెల్లగా, "గోడవతలాయన వచ్చినాడండీ. మీరు పడుకొని ఉన్నారు. పొట్టేలు కంట్లో పుసి కారతా ఉంది, నోరులేని జీవం, రెండు చుక్కలు ఏసి తెచ్చిస్తానన్నాడు. మనుషులకు ఇయ్యొద్దన్నారు గదా, గొడ్డుకే గదా అని ఇచ్చినాను" అన్నది.

డాక్టరమ్మ న్యాయంగానే మాట్లాడింది. పుండుకు ఇదే కారణమని తాను ఒట్టు వేయలేనన్నది. మూతికి అంటిన మురికితో క్రొత్త సూక్ష్మజీవి కంట్లో పడి ఉండవచ్చునన్నది. పుండు గీసి పరీక్షకు పంపింది. ఆ సీసాను పారవేయమన్నది. నేను పారవేయలేదు. గుడ్డలో చుట్టి జేబులో వేసుకొన్నాను. ఆమెకు ఒట్టు కావాలి, నాకు అక్కరలేదు.

ఇల్లు చేరగానే గోడ దగ్గరనుండి అతనిని పిలిచినాను. పొట్టేలు మువ్వల చప్పుడుతో సహా వచ్చినాడు.

"నా సీసా నీ పొట్టేలు కంట్లో పెట్టినావా?"

"పెట్టినాను. దానికేంది అయ్యోరా? మందు మందే గదా. పొట్టేలుకొకటి, పంతులుకొకటి చేస్తారా? మావాడి కన్ను చూడు, అద్దం మాదిరి ఉండాది. మందులో తప్పు లేదు, నీ కన్నే మొండిది."

క్షమాపణ అనే మాట అతని నోట రాలేదు. వచ్చి ఉంటే ఈ వ్రాత ఉండేది కాదేమో. పైగా ఆ మాట వీధిలో ఇద్దరు ముగ్గురికి చెప్పి, "అయ్యోరు కన్ను మొండిదంట" అని నవ్వించినాడని తరువాత తెలిసింది.

కిటికీలకు దుప్పట్లు కట్టిన గదిలో భాద్రపదం గడిచింది. గంట గంటకూ చుక్కలు. రెండు రకాల మందులు. ఒకటి వేసిన వెంటనే రెండవది వేస్తే మొదటిది కొట్టుకొనిపోతుందని నడుమ కొంత వ్యవధి. ఇంటావిడ చేతులు కడిగి కడిగి తోలు తెల్లబారింది. పాపం, ప్రతిసారీ సీసా మూతిని వెలుతురులో తిప్పి చూచేది. నేను ఆమెను ఒక్క మాట అనలేదు. నా కోపమంతా ఒక్కచోటికే దాచుకొన్నాను. పలుచన చేయడం ఇష్టంలేక.

మా పెద్దలు చెప్పిన విద్యలో తిట్టు పద్యానికీ చోటుంది. ఏ గణంతో ఎత్తుకొంటే కీడో, ఏ అక్షరం ఏ స్థానాన పడితే ఎదుటివాని ఏ అంగానికి చేటో నేను చదువుకొన్నాను. అది నిజమని నమ్ముతావా అని మీరడిగితే, వెలుతురులో నమ్మను. ఆ గదిలో నమ్మినాను. కన్ను మూసి మూల అదుముకొని ఉన్నంతసేపూ ఒక్కొక్క పాదం కూర్చినాను. అతని చూపు, అతని మంద, అతని నవ్వు, పొట్టేలు మువ్వలు, వేటినీ వదలలేదు. యతి ఎక్కడా తప్పలేదు. నా జన్మలో అంత బిగువైన పద్యం చెప్పలేదు.

దసరా వెళ్లిన తరువాత డాక్టరమ్మ పుండు మానిందన్నది. మచ్చ మాత్రం ఉండిపోతుందన్నది. సన్నని అక్షరం ఇక చదవలేను. పెద్ద అచ్చు పుస్తకం తెప్పించుకొని, కార్తీకంలో ఒక సాయంకాలం మరల అరుగుమీద కూర్చున్నాను. వీధి వీధంతా వచ్చింది.

అప్పుడే అతడు వచ్చినాడు. మొగానికి తువ్వాలు అడ్డం పెట్టుకొన్నాడు. తీస్తే కన్ను ఎర్రగా వాచి, రెప్పల అంచున పసుపుపచ్చని పుసి.

"అయ్యోరా, పొద్దున్నించి ఇట్ల కారతా ఉండాది. నీ దగ్గర ఆ చుక్కలు మిగిలినాయా? రెండు ఏసుకోని ఇచ్చేస్తా."

"ఉన్నాయి" అన్నాను.

లోపలికి పోయి పెట్టె అడుగునుండి గుడ్డమూట తెచ్చినాను. ఇంటావిడ గుమ్మంలో నిలబడి నా చేతివైపు చూసింది, నా మొగంవైపు చూసింది, దారి వదలింది. తెరిచి నెలలు దాటిన సీసా. పొట్టేలు పుసి ఎండి ఉన్న మూతి. దానిని అతని అరచేతిలో పెట్టినాను.

అతడు చేతులు పంచెకు తుడుచుకొన్నాడు. మేత కోసిన మరక గోళ్లలో అట్లే ఉంది. తల వెనక్కు వాల్చి, వేలితో రెప్ప లాగినాడు. సీసా కంటిమీదికి వచ్చింది. నా పద్యం మొదటి పాదం మనసులో చదువుకొన్నాను. రెండవది చదువుకొన్నాను. మూడవ పాదం దగ్గర అన్నాను:

"మూతి చూచి వేసుకో."

తల దించి చూసినాడు. మూతి అంచున ఇంకా రెండు బొచ్చుపోగులు అంటుకొని ఉన్నాయి.

"ఇదేంది?"

"నీ పొట్టేలు కంటిది. ఇదే నా కంట్లో పడింది. దాని పుణ్యమే నా మచ్చ. నీ కన్ను మొండిది కాదు గదా, వేసుకో. మందు మందే గదా."

సీసా అతని చేతిలోనుండి జారింది. ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలామె, "ఏందిరా, నువ్వూ నీ పొట్టేలూ ఒకే కాటుక పెట్టుకుంటారా?" అన్నది. అరుగు అదిరేటట్లు నవ్వినారు. ప్రక్కనున్నవాడు అందుకొని, "అత్తా, ఇంటికి పోయి చూడు, దువ్వెన గూడా ఒకటే ఉంటాది" అన్నాడు. ఎవరో పొట్టేలు మాదిరిగా అరిచినారు, సరిగ్గా తాళానికి.

నేను లేచి నిలబడి, బడిలో చెప్పినట్లు గొంతెత్తి, డాక్టరమ్మ చెప్పిన విధి అంతా అతనికి చెప్పినాను. అక్కడే చెంబుతో నీళ్లు పోయించి, సబ్బు ఇచ్చి చేతులు కడిగించినాను. గోళ్లలో మరక పోలేదని మరల కడిగించినాను. తువ్వాలు ఎవరికీ తాకించవద్దన్నాను, తెల్లవారి మొదటి బస్సుకు ఆత్మకూరు పొమ్మన్నాను. సీసాను అందరి ఎదుట రాతితో నలగగొట్టినాను. అతడు తల ఎత్తలేదు.

దీనిని దయ అనుకొన్నవారు ఉన్నారు. ఇంటావిడే అనుకొన్నది. కాదు. కన్ను పోయినవానికి తన్ను చూచి నవ్వే మొగాలు కనిపించవు. అతనికి అవి కనిపించాలి, ప్రతి దినమూ, స్పష్టంగా. పద్యం ఎవరికీ వినిపించలేదు. ముసలామె అన్న రెండు మాటలు చేసిన పనిని నా నాలుగు పాదాలు చేసి ఉండవు; ఇప్పుడు వీధిలో పసివాళ్లు కూడా అతనిని పొట్టేలు కాటుక అనే అంటున్నారు. విన్నప్పుడల్లా నాకు భోజనం రుచిస్తున్నది.

ఈ నాలుగు మాటలు నెల తరువాత చేరుస్తున్నాను: పుష్య శుద్ధ పంచమి. అతని కన్ను పూర్తిగా బాగుపడింది. పొట్టేలును అమ్మివేసినాడు. నా కుడికంటి మచ్చ అట్లే ఉంది. మా ఇంటి చుక్కల సీసా పెట్టెలో తాళం క్రింద ఉంటుంది. మేమిద్దరం మాట్లాడుకోవడం లేదు.