తిట్టందే పాలివ్వని దొరసాని

ముందుగానే ఒప్పుకుంటున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మోకాటి లోతు వాగు నా నోట్లో పడిందంటే కృష్ణమ్మ అయి పారుతుంది. ఈ సంగతి మా ఆవిడకు బాగా తెలుసు కనుక, నేను ఆకలి దంచేస్తోందని కేకపెడితే సగానికి తగ్గించుకుని సగం అన్నమే వడ్డిస్తుంది. చదివే మీరు కూడా నేను చెప్పే ప్రతి కొలతనూ ఇష్టమొచ్చినంత తగ్గించుకోండి, నాకేం బాధ లేదు. ఒక్క మా అమ్మ పోయిన సంగతి మాత్రం అలాగే ఉంచండి. దాన్ని తగ్గించుకోవడం ఇన్నేళ్లుగా నా వల్లే కాలేదు.

ఆ రోజుల్లో, అంటే రజాకార్ల అలజడి సద్దుమణిగి, జనం వెనక్కి తిరిగి చూసుకోకుండా పొలాలకు నడవడం మళ్లీ మొదలుపెట్టిన కాలంలో, సూర్యాపేటకు పెన్‌పహాడ్‌కు నడుమ మాకు కొద్దిపాటి మెట్ట చెలక, ఒక జత ఎడ్లు, ఒక బర్రె ఉండేవి. మనుషులం ముగ్గురం: అమ్మ, నాయిన, నేను. నాకప్పటికి మీసం మొలిచింది (మొలిచిందని నేను అనుకునేవాణ్ణి, అమ్మ మాత్రం "మూతికి మసంటింది, తుడుసుకోరా" అనేది). ఇంటికి పెద్ద ఎవరని పరాయివాళ్లు అడిగితే నాయిన గొంతు సవరించుకునేవాడు గానీ, నిజానికి మా సంసారం బర్రె చెప్పినట్టు నడిచేది. అది పక్కకు తిరిగితే కొట్టంలో పొద్దుగూకేది. దాని కొమ్ములు చుట్టుకుంటూ చుట్టుకుంటూ వెళ్లి ఎక్కడ ఆగాయో చూద్దామని బయల్దేరిన ఈగ ముసలిదైపోయి తిరిగొచ్చేది. ఇక పాలంటారా, వాటి చిక్కదనానికి చీమ కూడా మునగకుండా మీగడ మీద నడిచి అవతలి ఒడ్డుకు చేరేది. దాని నడకలోని టెక్కు చూసి అమ్మ దానికి దొరసాని అని పేరు పెట్టింది.

పేరు పెట్టింది గానీ మర్యాద పెట్టలేదు. పొద్దునా సాయంత్రం అమ్మ పాల సర్వ పట్టుకుని పొదుగు దగ్గర కూర్చుందంటే తిట్ల దండకం మొదలయ్యేది. "ఓసి దొరసానీ, నీ కొమ్ములిరుగ! గంపెడు తౌడు మెక్కి గిన్నే పాలిస్తవా? అత్తగారిల్లనుకున్నవా గీ కొట్టం? కాలు జరుపే, మొద్దుదానా!" అని అమ్మ తిడుతుంటే, దొరసాని కళ్లు అరమోడ్చి, హరికథ వింటున్న ముసలమ్మలా తల ఊపుతూ, ధారగా పాలు చేపేది. అమ్మకు తప్ప మరొకరికి ఇచ్చేది కాదు. మిర్యాలగూడలో సొంత మేనకోడలి పెండ్లికి కూడా అమ్మ పోలేదు. "పొల్ల పెండ్లి నేను లేకున్న అయితది. నేను లేకుంటే ఇది సేపుతదా?" అంది.

ఆ ఏడు వానలు వెనకబట్టాక అమ్మకు చలిజ్వరం వచ్చింది. సూర్యాపేట దవాఖానకు బండి కట్టాం. బండిలో పడుకుని, పళ్లు టకటక కొట్టుకుంటుంటే కూడా "దానికి కుడితి వెట్టిన్రా?" అని అడిగింది. తిరిగి వచ్చేటప్పుడు అడగలేదు. (ఇక్కడ నేనేమీ పెంచలేదు.)

కోదాడ నుంచి చిన్నమ్మ, అంటే అమ్మ సొంత చెల్లెలు, వచ్చి దినాలన్నీ ఉండి చూసుకుంది. పోయిన మనిషి బట్టలు ఇంట్లో ఉంచకూడదని అమ్మ చీరలన్నీ మూటగట్టి, ఆనవాయితీ ప్రకారం చాకలవ్వకు ఇచ్చేశారు. అమ్మ తన పాత చీరలు కలిపి కుట్టుకున్న బొంత ఒక్కటి మంచం మీద మిగిలింది. చాకలవ్వ దాని మీద చెయ్యి వేయబోతే నాయిన "అది నాది" అన్నాడు. మా నాయిన నోట అన్ని రోజుల్లోనూ వచ్చిన మాట అదొక్కటే (మామూలు రోజుల్లోనూ ఆయన మాటలను పండుగ బెల్లంలా దాచి దాచి వాడేవాడు). ఉక్కపోతలో కూడా ఆ బొంతను మెడ దాకా కప్పుకుని అరుగు మీద పడుకునేవాడు. బావకు కూడా చలిజ్వరం తగులుకుందేమోనని చిన్నమ్మ భయపడి చేదు కషాయం కాచింది. జ్వరం లేదని చెప్పాలంటే మాట్లాడాలి కదా, అందుకని దాన్నీ తాగేశాడు.

ఇక దొరసాని సంగతి. దూడ మూతి పెడితే చేపేది. దూడను పక్కకు లాగి మనిషి కూర్చోగానే ఉన్న పాలన్నీ పైకి ఎగబీల్చుకునేది. ఎగజేపడమంటారు దీన్ని మావైపు. మొదట చిన్నమ్మ కూర్చుంది. ఆమెది ఆంధ్ర గాలి సోకిన కోదాడ మాట. "రామ్మా, మా తల్లివి కదూ, కాసిని పాలివ్వమ్మా" అని బుజ్జగించింది. పుట్టి బుద్ధెరిగాక అంత మర్యాద ఎరగని దొరసాని, తననే అంటున్నారా లేక వెనక ఇంకెవరైనా నిలబడ్డారా అన్నట్టు అటూ ఇటూ చూసి, ఒక్క బొట్టు కూడా వదలలేదు. తర్వాత నేను కూర్చున్నాను. తన్నింది. పెన్‌పహాడ్ దిక్కున లేచినవాణ్ణి సూర్యాపేట దిక్కున పడ్డాను, నడుమ గాలిలో ఉండగా దారిన పోయేవాళ్లు మంచీచెడూ అడిగారు (తగ్గించుకోండి). కానీ తన్నుల కంటే నన్ను భయపెట్టింది వేరే. దొరసాని మేత మానేసింది. గడ్డి వేస్తే వాసన చూసి వదిలేసి, తలెత్తి ఇంటి తలుపు వైపు చూస్తూ నిలబడేది. పొదుగు రాయిలా గట్టిపడుతోంది. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే పాలు పూర్తిగా ఇగిరిపోతాయని ఊళ్లో అందరూ అన్నారు.

ఒక పొద్దున నాయిన పలుపు తాడు చేతిలో పట్టుకుని చూస్తూ, "రేపు అంగడికి తోలుకపోత" అన్నాడు.

"పాలిగిరిన బర్రెను అంగట్ల ఎవరు కొంటరో తెల్వదా నాయినా?"

"తెలుసు."

"అమ్మ బర్రెను కటికోనికి ఇస్తవా?"

"మీ అమ్మే లేకపాయె" అని తాడు కొయ్యకు తగిలించి వెళ్లిపోయాడు.

అమ్మవంటూ ఇంట్లో మిగిలినవి, ఆ బొంత కాక, ఆ బర్రె, నేను. అందులో ఒకటి రేపు సూర్యాపేట అంగట్లో ఉంటుంది. నేను దూడ పక్కన కూలబడితే చిన్నమ్మ వచ్చి, "ఏడవకురా. మా కోదాడలో ఒకాయన భార్య పురిటికి వెళ్తే ఆమె చీర కట్టుకుని పాలు పిండేవాడు. గేదెకు మనిషి కాదురా, వాసన గుర్తు. నువ్వూ అక్క చీర కట్టుకుని చూడు" అంది.

"నువ్వు కట్టుకోరాదు చిన్నమ్మా?"

"నా గొంతు వింటేనే అది మొహం తిప్పుకుంటోంది. నీది అక్క పోలిక. పోయి తెచ్చుకో."

ఇచ్చిన చీరను తిరిగి అడిగిన మనిషి అంతకుముందు మా తాలూకాలో పుట్టలేదు. చాకలవ్వ గడప ముందు నిలబడి నసిగి నసిగి అడిగితే ఆమె నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఇచ్చిన చీర మల్ల అడుగుతున్నవా కొడుకా! గట్లెక్కడన్న ఉంటదా? ఎందుకు?"

"కట్టుకునేటందుకు అవ్వా."

"ఎవరికి?"

"నాకే."

చాకలవ్వ నా మీసం వైపు చాలాసేపు చూసింది. "తల్లి పోయి పోరనికి మతి పోయినట్టుంది" అని పక్కింటి ఆమెకు వినబడేట్టు అనుకుంది. విషయమంతా చెప్పాక మాత్రం లోపలికి పోయి, కుండ మీది గుడ్డ మూట విప్పి, ఒక ఎర్ర అంచు చీర తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "మీ అమ్మ బతికున్నన్నాళ్లు పేడ మరకలతోనే కట్టింది బిడ్డా. అందుకే చవుడు మన్ను వెట్టి ఉబ్బకేసి ఉడకవెట్టిన, గంజి వెట్టిన, పువ్వు లెక్క చేసి దాసిన" అని కళ్లు తుడుచుకుంది. అంత శుభ్రంగా ఉతికిన చీర మా ఊళ్లో లేదని మురిసిపోతూ ఇంటికొచ్చాను. ఆ శుభ్రమే మా కొంప ముంచుతుందని ఆమెకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

సాయంత్రం చిన్నమ్మ నాకు చీర చుట్టింది. గంజి దెబ్బకు అది అడుగు తీసి అడుగు వేస్తే తాటాకు పందిరిలా ఫెళఫెళమంది. దొరసాని చెవులు నిక్కబొడుచుకుంది. నేను దగ్గరకు వెళ్లగానే మూతి చాచి, కొంగు మీద ముక్కు ఆనించి, గట్టిగా ఊపిరి పీల్చింది. మళ్లీ పీల్చింది. ఆ చీరంతా వెతికింది పాపం. చవుడు, గంజి తప్ప అమ్మ ఎక్కడా లేదు. తన్నింది. సర్వ ఒకవైపు, నేనొకవైపు, కుచ్చిళ్లు మరోవైపు వెళ్లి పేడకళ్లలో పడ్డాం. అమ్మ పోయాక చిన్నమ్మ నవ్వగా చూడటం అదే మొదలు. నవ్వి, నవ్వి, గుంజకు ఆనుకుని ఏడవడం మొదలుపెట్టింది. నేను పేడలోనే కూర్చుండిపోయాను. లేచి మాత్రం చేసేదేముంది? రేపు అంగడి.

అరుగు మీద మంచం కిర్రుమంది. నాయిన లేచాడు. బొంత మడత పెట్టాడు. కొట్టంలోకి వచ్చి, ఏదో తప్పు చేస్తున్న మనిషిలా ఎవరి వైపూ చూడకుండా, దాన్ని నా తల మీదుగా భుజాల చుట్టూ కప్పి, సర్వ తీసి నా చేతికిచ్చి వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాడు.

దొరసాని మూతి చాచింది. ఆ బొంత ఉతికింది కాదు. అందులో కట్టెల పొగ ఉంది, తౌడు ఉంది, అమ్మ తలనూనె ఉంది, జ్వరం నాటి చెమట కూడా ఉంది. దొరసాని ఊపిరి వేడిగా నా మెడ మీద పడింది. తీసుకున్న ఊపిరిని అది చాలాసేపు వదలలేదు. నేను కూర్చుని చన్ను పట్టుకున్నాను. తన్నలేదు. పాలూ ఇవ్వలేదు. ఇంకేదో కావాలన్నట్టు వెనక్కి తిరిగి చూసింది.

"తిట్టరా" అంది చిన్నమ్మ గుంజ దగ్గర నుంచి.

"ఓసి దొరసానీ..." అన్నాను. గుసగుసలాగే వచ్చింది. "నీ కొమ్ములిరుగ..."

అప్పుడు వాకిట్లో నుంచి, మా వైపు వీపు పెట్టి నిలబడ్డ నాయిన గొంతు వినిపించింది. "గట్టిగ తిట్టురా. మీ అమ్మ ఎన్నడన్న గంత మెల్లగ తిట్టిందా?"

అంతే, ఎక్కణ్ణుంచి వచ్చాయో, అమ్మ తిట్లన్నీ వరసగా వచ్చాయి. గంపెడు తౌడు, అత్తగారిల్లు, మొద్దుదానా, ఒక్కటి వదలకుండా, అమ్మ ఆగిన చోటే ఆగుతూ, అమ్మ సాగదీసిన చోటే సాగదీస్తూ. సర్వ అడుగున మొదటి ధార ఠంగుమని మోగింది. ఆ తర్వాత ఆ చప్పుడు మెత్తబడి, నురగలో మునిగిపోయింది. మర్నాడు అంగడికి దొరసాని పోలేదు.

ఆ రోజు మొదలు రెండు పూటలా బొంత నా మీదే. నాయిన గొంగడి కప్పుకోవడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు ఒక పొద్దున నేను బొంత మరిచిపోయి కూర్చుంటే కూడా దొరసాని చేపింది. ఎగిరి గంతేసి బొంతను నాయినకు తిరిగి తెచ్చి ఇచ్చాను. ఆయన దాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని, గట్టిగా ఊపిరి పీల్చి, మళ్లీ మడిచి నా చేతిలో పెట్టాడు. అందులో పాలు, పేడ, నేను తప్ప ఇంకేమీ మిగల్లేదని అప్పుడు నాకు తెలియదు. దొరసాని ఆ తర్వాత మా కొట్టంలోనే ఎన్నో ఈతలు ఈని, అక్కడే ముసలిదైంది. దాని కూతుళ్లకు కూడా తిట్లే కావాలి, అది వంశాచారం.

ఇప్పుడు ఇందులో ఏది నిజం కాదో చెప్పేస్తాను. ఈగ, చీమ, గాలిలో ప్రయాణం మీరు ఎలాగూ తగ్గించుకునే ఉంటారు, వాటి మాట కాదు. నేను పూర్తిగా కల్పించింది ఒక్కటే, వాకిట్లో నాయిన అన్న మాట. ఆయన ఏమీ అనలేదు. బొంత కప్పి, వెళ్లి గడ్డివామి చాటున నిలబడ్డాడు, పాలు పిండడం అయ్యేదాకా రాలేదు. నేనే చాలా ఏళ్ల కిందట ఈ కథ ఎవరికో చెబుతూ, అక్కడ చప్పుడు లేకపోవడం భరించలేక ఆయన చేత ఆ మాట అనిపించాను. చెప్పగా చెప్పగా ఇప్పుడు నాకు ఆ గొంతు కూడా స్పష్టంగా వినబడుతోంది. ఆనాటి ఆయన వయసుకు నేనూ వచ్చాను. నిజంగా అని ఉంటే ఆయన సరిగ్గా అదే అనేవాడని నా నమ్మకం.