ఉప్పునీళ్ళ సాక్ష్యం

నా చిన్నప్పుడు మా ఇంట్లో నన్ను అనుమానాల పుట్ట అనేవాళ్ళు. మా జేజి అయితే, "దీనికి దేవుడే వచ్చి ప్రసాదం పెట్టినా వాసన చూసిగానీ నోట్లో ఏసుకోదు" అని నలుగురిలో నవ్వేది. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. పాలామె చెంబు వంచితే నేను చెంబు అడుగు చూసేదాన్ని. పక్కింటి అక్క ఊరికే నవ్వినా, ఎందుకు నవ్విందా అని సాయంత్రం దాకా మనసులో తిప్పుకునేదాన్ని. ఇంత వయసొచ్చినా ఆ గుణం పోలేదు. కాకపోతే ఒక ఉగాది నాడు మా అబ్బ దాని మొహాన్ని ఇంకో వైపుకు తిప్పాడు. అబ్బ అంటే మా నాన్నకు నాన్న, జేజి అంటే నాయనమ్మ. మా కడప వైపు అలాగే పిలుస్తాం.

మాది కమలాపురం అవతల నల్లరేగడి నేలల్లో ఒక ఊరు. ఊరికంతటికీ ఒకటే పెద్దబావి, అందులో ఉప్పునీళ్ళు. ఆ నీళ్ళకు పప్పు ఒక పట్టాన ఉడకదు, సబ్బు నురగ రాదు. మాకు మాత్రం ఆ ఉప్పు తెలిసేదే కాదు. ఎవరైనా చుట్టం వచ్చి మొదటి గుక్క తాగి మొహం అదోలా పెట్టినప్పుడే, ఓహో, మావి ఉప్పునీళ్ళు కదా అని గుర్తొచ్చేది. పొలాలు దాటితే వచ్చే పక్క ఊరిదీ మా గతే.

ఊళ్ళో ఒక ఆటల సంఘం ఉండేది. దానికో పెంకుల గది, గదిలో ఎత్తడానికి ఒక రాతిగుండు, నాలుగు సాముకర్రలు, ఒక ఈల. వానలు పడ్డాయంటే రేగడి కాళ్ళకు పట్టుకుని అడుగు తీయనివ్వదు కాబట్టి ఆ రోజుల్లో ఆటలన్నీ గది వసారాలోనే. మగవాళ్ళు గుండు ఎత్తి పందేలు వేసుకునేవాళ్ళు. దసరాకు కర్రసాము. శనగ కోతలు ముగిసి శివరాత్రి వెళ్ళాక అసలు సందడి మొదలయ్యేది. గుట్ట దగ్గరి నుంచి బండ్లతో ఎర్రమన్ను తోలుకొచ్చి, బావి పక్కన నల్లనేల మీద పరిచి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి చెడుగుడు బరి తయారుచేసేవాళ్ళు. మొదటి బండి ఎప్పుడూ మా అబ్బదే. పిల్లలమంతా ఆ మన్నులో కూర్చుని రాళ్ళు ఏరేవాళ్ళం. ఉగాది నాడు పక్క ఊరితో పోటీ. గెలిచిన ఊరి గదిలో ఏడాదంతా షీల్డు వేలాడుతుంది. అది మా గోడ వదిలి వాళ్ళ గోడకు పోయి అప్పటికి రెండేళ్ళయింది. మా గదిలో ఉత్త మేకు మిగిలింది.

ఆ మేకును చూసినప్పుడల్లా మా చిన్నాన్నకు ఒళ్ళు మండేది. జట్టుకు నాయకుడు ఆయనే. ఈసారి షీల్డు తేకపోతే ఇక బరిలో కాలు పెట్టనని ఊరి మధ్యలో ఒట్టు పెట్టుకున్నాడు. మా చిన్నాన్న అంటే నాకు ప్రాణం. ఆ ఒట్టు విన్నప్పటి నుంచి నాకూ నిద్ర సరిగా పట్టలేదు.

శివరాత్రి వెళ్ళీ వెళ్ళగానే ఆయన ఒక మనిషిని ఇంటికి తీసుకొచ్చాడు. చిన్నమ్మకు వరసకు తమ్ముడట, ఇకమీదట మా ఇంట్లోనే ఉండి సేద్యం నేర్చుకుంటాడట. మనిషి గట్టివాడు, తొడలు రోకళ్ళలా ఉండేవి. ఊళ్ళో నమ్మినవాళ్ళు నమ్మారు, నమ్మనివాళ్ళు నోరు మూసుకున్నారు. నాకు మాత్రం మొదటి రోజే బుర్రలో పురుగు తొలిచింది. చిన్నమ్మ అన్నం వడ్డిస్తూ అతన్ని "ఏమండీ, ఇంకొంచెం పెట్టేదా" అని నాలుక కరుచుకుంది. తమ్ముణ్ణి ఎవరైనా ఏమండీ అంటారా? సేద్యం నేర్చుకోవడానికి వచ్చినవాడు మడక పట్టగా ఒక్కనాడూ చూడలేదు. పొద్దున్నా సాయంత్రం బరిలోనే ఉండేవాడు. ఇంట్లో మజ్జిగ తప్ప నీళ్ళు ముట్టేవాడు కాదు. ఒకరోజు స్నానానికి కూర్చుని సబ్బు అరగదీసి అరగదీసి, "ఈ సబ్బు నకిలీదేమో, నురగే రాలేదు" అన్నాడు. మేం పిల్లలం పొట్ట పట్టుకుని నవ్వాం. మా ఊరి నీళ్ళకు నురగ రాదన్న సంగతి తెలియని మనిషి ఈ చుట్టుపక్కలవాడు ఎట్లా అవుతాడు?

ఇవన్నీ పోగేసుకుని వెళ్ళి మా అబ్బ చెవిలో ఊదాను. ఆయన పగ్గం పేనుకుంటూ అంతా విన్నాడు. "ఊఁ" అన్నాడు. ఎవరితోనూ అనొద్దమ్మా అన్నాడు. అంతే, ఇంకేమీ అడగలేదు. దాంతో నాకు అబ్బ మీద కూడా అనుమానం వచ్చింది. ఈయనా వాళ్ళతో కలిసిపోయాడేమో అనుకున్నాను.

ఉగాది రానే వచ్చింది. పక్క ఊరివాళ్ళు బండ్లు కట్టుకుని వచ్చి బావి దగ్గర దిగారు. వాళ్ళ జట్టులో ఒక కొత్త ముఖం కనిపించింది. బక్కపలచటి మనిషి, పొడుగాటి చేతులు. మావాళ్ళ కళ్ళన్నీ అతని మీదే పడ్డాయి.

"వాడెవడప్పా? పోయినేడు లేడే!" అని మొదట అరిచింది మా చిన్నాన్నే.

వాళ్ళ ఊరి పెద్దమనిషి ఒకాయన ముందుకొచ్చి, "నా అల్లుడప్పా. ఇల్లటం వచ్చినాడు. మాతోనే ఉండాడు, మా మడకే దున్నుతాండాడు" అన్నాడు.

"ఇల్లటం అల్లుడా, బాడుగకు తెచ్చిన అల్లుడా?" అన్నాడు చిన్నాన్న.

మా ఊరంతా గొల్లున నవ్వింది. ఆ అల్లుడు తల వంచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. అత్తగారి ఊరిలో కాపురముంటున్న మనిషికి అంతమందిలో ఆ మాట ఎంత పోటో అప్పుడు నాకు తెలియదు. నేనూ నవ్వాను.

వాళ్ళకూ మా మీద తక్కువ అనుమానం లేదు. ఆటకు ముందు వచ్చిన జట్టుకు పానకం ఇవ్వడం మా ఊరి మర్యాద. ఆ రోజు కుండ వాళ్ళ ముందు పెడితే ఒక్కడూ చెయ్యి చాచలేదు. "పోయినేడు మీ పానకం తాగి, మావోళ్ళు ఇద్దరు ఆట మధ్యలో చెంబులు పట్టుకోని చేలల్లోకి పరిగెత్తినారు. ఏం కలిపినారో మీకే తెలియాల" అన్నారు. మాట మాట పెరిగింది. గదిలో ఉన్న సాముకర్రలు బయటికి వచ్చాయి. ఆడవాళ్ళు పిల్లలను వెనక్కి లాక్కున్నారు.

అప్పుడు మా అబ్బ బరి మధ్యకు నడిచాడు. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అందుకే ఆయన నోరు తెరిస్తే జనం సద్దుమణిగేవారు.

"మీకు మా మీద నమ్మకం లేదు, మాకు మీ మీద నమ్మకం లేదు. సరే. ఆట మొదలయ్యే లోపల నేను తేలుస్తా. ఊరోడు కాదని తేలినోడు, యా జట్టోడైనా సరే, గట్టు మీద కూచోవాల. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటాం!" అని రెండు ఊళ్ళూ అరిచాయి. అందరికంటే గట్టిగా అరిచింది మా చిన్నాన్న.

"పానకం వద్దన్నారు గదా, మానేయండి. మీ కళ్ళ ముందరే నీళ్ళు చేదిస్తా, తాగండి" అని అబ్బ బావి దగ్గరికి వెళ్ళాడు. చేద దిగింది, పైకొచ్చింది. అబ్బ తానే ఇత్తడి చెంబుతో ముంచి ఒక్కొక్కరికే ఇచ్చాడు. వాళ్ళు ఎండన పడి వచ్చారేమో, గటగటా తాగారు. అల్లుడి వంతు వచ్చింది. అతను ఎత్తిన చెంబు దించకుండా తాగి, మూతి తుడుచుకుని, "ఇంకొక చెంబు ఇయ్యి పెద్దాయనా" అన్నాడు.

అబ్బ రెండో చెంబు ఇచ్చి మా ఊరి వైపు తిరిగాడు. "చూసినారా? నేనూ ఈ ఊరికి ఇల్లటం వచ్చినోణ్ణే. ఈ నీళ్ళు గొంతు దిగేదానికి నాకు ఒక ఎండాకాలం పట్టింది. నోట్లో బెల్లంముక్క పెట్టుకోని తాగేవాణ్ణి. ఈ పిల్లోడు మళ్ళీ అడిగి తాగినాడు. ఈ నీళ్ళు అలవాటైనోడు ఊరోడు గాకపోతే ఇంకేంది?"

అల్లుడి మామ పైపంచెతో కళ్ళు ఒత్తుకున్నాడు. మావాళ్ళు కూడా నిజమేలే అని తలలూపారు. అనుమానం తీరిపోయింది, ఇక ఆట మొదలనుకుని జనం సర్దుకుని కూర్చున్నారు. అబ్బ మాత్రం చెంబు కింద పెట్టలేదు.

"ఇంక మనోళ్ళు రాండప్పా. మీరూ తాగాల గదా."

అప్పుడు నేను మా చిన్నాన్న మొహం చూశాను. నేను అబ్బ చెవిలో ఊదిన మాటలన్నీ ఆ చెంబులో ఉన్నాయని అప్పుడు తెలిసింది.

మావాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తాగారు. మా ఇంటి చుట్టం వంతు వచ్చింది. అతను చెంబు అందుకుని చిన్నాన్న వైపు చూశాడు. చిన్నాన్న నేల చూశాడు. అతను ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు గానీ అది దిగలేదు. పొలమారి దగ్గి, ఎర్రమన్ను మీద ఉమ్మేశాడు. పిల్లలెవరో నవ్వారు, పెద్దవాళ్ళు నవ్వలేదు. అతను చెంబు మెల్లగా కింద పెట్టి, "నాకు ఈ నీళ్ళు పడవు పెద్దాయనా. మాది కాలువ కింది ఊరు. ఆట కోసమే పిలిపించినారు" అన్నాడు. ఎవరూ చెప్పకుండానే వెళ్ళి గట్టు మీద కూర్చున్నాడు.

అబ్బ ఈల తీసి ఊదాడు, అంతే.

చుట్టం స్థానంలో మా ఊళ్ళో పిండిమర నడిపే ఆయన పంచె ఎగ్గట్టి దిగాడు. పాపం ఆయన కూతకు పోతే దమ్ము గీత దాటేదాకా కూడా నిలిచేది కాదు. అయినా మావాళ్ళు పోరాడారు. చిన్నాన్న ఒక్కడే సగం ఆట ఆడాడు. చివరి కూతకు ఆయన వెళితే, ఆ బక్క అల్లుడు పొడుగు చేతులతో చీలమండ పట్టుకుని వదల్లేదు. ఆట అయిపోయింది. అల్లుడే లేవమని చెయ్యి ఇచ్చాడు. చిన్నాన్న ఆ చెయ్యి పట్టుకోకుండా తనంతట తానే లేచి, దుమ్ము దులుపుకోకుండా ఇంటికి పోయాడు. షీల్డు మళ్ళీ వాళ్ళ బండెక్కింది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఒట్టు ప్రకారం చిన్నాన్న ఇక బరిలో దిగడని ఏడుపు, ఆయన్ను అంతమందిలో తల వంచుకునేలా చేసిన అబ్బ మీద కోపం.

సాయంత్రం ఆ చుట్టం మూట సర్దుకుని బస్సుకు బయలుదేరితే మా జేజి గడప దగ్గర అతనికి పెద్ద గ్లాసుడు మజ్జిగ ఇచ్చింది. మోసం చేసినవాడికి మజ్జిగేంది అని నేను మూతి ముడిచాను. "ఉన్నదున్నట్టు నోరు తెరిచి చెప్పినోడు వాడొక్కడే గదమ్మా" అంది జేజి.

అబ్బ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కోపంగానే వెళ్ళి పక్కన కూర్చున్నాను. మనవాళ్ళే బయటి మనిషిని తెచ్చుకుని, వాళ్ళ మీద ఎట్లా అరిచారని అడిగాను.

"మనింట్లో దాచిపెట్టినోడికే పక్కింట్లో ఏదో దాచినట్టు అనిపిస్తాదమ్మా" అన్నాడు.

తర్వాత తన సంగతి చెప్పాడు. ఇల్లటం వచ్చిన కొత్తలో ఆయన వీధిలో నడిస్తే జనం మాటలు ఆపేసేవారట. కళ్ళంలో ఒక మూట తక్కువైతే మొదట ఆయన వైపే చూసేవారట. ఆ అల్లుడి చెవులు ఎర్రబడితే తన చెవులే మండినట్టు అనిపించిందట. కొడుకు ఒట్టు దక్కేలా నోరు మూసుకుందామా అని ముందు రాత్రంతా ఆలోచించాడట కూడా. "వాడు నా బిడ్డే, ఆ అల్లుడూ ఒకరి బిడ్డే గదా" అన్నాడు. నా కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"నీ అనుమానం మంచిదే, పారేసుకోవద్దు. మొదటి గుక్క మాత్రం మన కడవలోది తాగి చూడు" అని నా తల మీద చెయ్యి పెట్టాడు.

చిన్నాన్న ఒట్టు తప్పలేదు, బరిలోకి మళ్ళీ దిగలేదు. చాలా రోజులు అబ్బతో మాట్లాడలేదు. అయితే మరుసటి ఏడు గుట్ట నుంచి ఎర్రమన్ను తెచ్చిన మొదటి బండి తోలింది ఆయనే. అబ్బ పక్కనే కూర్చుని ఉన్నాడు.

ఆ రోజు నుంచి నాకు ఎవరి మీద అనుమానం పుట్టినా ముందు మా ఇంట్లో వెతుకుతాను. పనిపిల్ల మీద అనుమానం వస్తే మా పిల్లల జేబులు చూస్తాను. కోడలు ఏదో దాస్తోందనిపిస్తే నేనేం దాచానో గుర్తు తెచ్చుకుంటాను. సగం అనుమానాలు అక్కడే చచ్చిపోతాయి. మిగిలిన సగం మా ఇంట్లోనే దొరుకుతాయి.

మొన్న ఉగాదికి ఊళ్ళోనే ఉన్నాను. ఇప్పుడు బరిలో ఎర్రమన్ను లేదు, నీలం రంగు చాపలు పరుస్తున్నారు. ఊరూరా అవే క్యాన్ల నీళ్ళు, తాగి చూసినా ఏదీ తేలదు. ఆటకు ముందు మా మనవడి జట్టంతా మా వసారాలో కూర్చుని ఉప్మా తింటూ గుసగుసలాడుతున్నారు. బద్వేలు జట్టువాళ్ళు ఎవడో బయటివాణ్ణి దించారట, ఆధార్ కార్డులు చూపించమని నిలదీయాలట. మా మనవడే అందరికంటే గట్టిగా మాట్లాడుతున్నాడు.

నేను ఉప్మా గిన్నె పట్టుకుని వరస చివరిదాకా వెళ్ళాను. అక్కడ కూర్చున్న, నేను ఊళ్ళో ఎన్నడూ చూడని ఎర్రచొక్కా పిల్లవాడికి ఇంకో గరిటె వడ్డించి, మా మనవణ్ణి అడిగాను:

"అది సరేగానీ నాయనా, ఈ పిల్లోడు యా ఊరోడురా?"

మా మనవడు అచ్చం మా చిన్నాన్నలా నేల చూశాడు.