అంజమ్మ పెట్టిన చుక్క

జడ్చర్లలో నేను నడిపే ఎస్టీడీ బూత్‌లో నంబర్ల పుస్తకం పేజీలుగా ఊడిపోతుంటే, మూడు రోజులు కూర్చుని అన్నీ కొత్త పుస్తకంలోకి ఎక్కించాను. అక్షర క్రమంలో, ముత్యాల్లాంటి రాతతో. ఈ రోజు పొద్దున గర్వంగా బల్ల మీద పెట్టాను.

మొదట అంజమ్మ వచ్చింది. కొడుకు మల్లేషు బొంబాయిలో బిల్డింగు పనికి పోయాడు. ఆమెకు చదువు రాదు, అయినా పాత పుస్తకంలో అతని నంబరు తానే తీసి చూపించేది. ఈ రోజు పుస్తకం రెండుసార్లు తిప్పి మొహం వేలాడేసింది.

"నా కొడుకు యాడున్నడు తమ్మీ గిండ్ల?"

"గిదిగో అక్కా, 'మ' కాడ ఉన్నడు."

"గది నీకెరుక. నువ్వు లేనినాడు నాకెట్ల ఎరుకైతది?"

పాత పేజీ తీసి చూశాను. ఆ నంబరు పక్కన కుంకుమ చుక్క ఉంది. మరక అనుకుని నేను వదిలేసింది అదే!

ఆమె నుదుటి కుంకుమ వేలికి అద్దుకుని నా తెల్లటి కాగితం మీద, ఆ నంబరు పక్కనే పెట్టింది. మనసు చివుక్కుమంది కానీ నంబరు కలిపి ఇచ్చాను. కొడుకుతో మాట్లాడాక మళ్లీ పుస్తకం దగ్గరికొచ్చింది.

"గీ మూడు అక్షరాలేనా నా కొడుకు పేరు?"

అవునన్నాను. ఒక్కొక్క అక్షరాన్నీ వేలితో దిద్దింది.

పుస్తకాలు మార్చేవాళ్లారా, మరకలు కూడా ఎక్కించండి. మీరేం వదిలేశారో నాకూ చెప్పండి. అంజమ్మ మాత్రం పోతూ పోతూ నాకో మాట చెప్పింది:

"మల్లొచ్చినప్పుడు బొట్టు మీద చెయ్యి అడ్డం పెడ్త. దొరుకుతడో లేదో సూద్దాం."