ముడి జారిన కిటికీ

ఆర్‌బ్రోత్‌లో తాళ్ళ మిల్లు మూతబడేనాటికి నెట్టా స్వాంకీకి ముప్పై రెండేళ్ళు. పదహారో ఏట నుంచీ ఆమె చేసిన పని ఒక్కటే, కిటికీలకు వేసే నూలుతాళ్ళు అల్లడం. సముద్రం ఒడ్డునున్న మా ఊరి పాత రాతి ఇళ్ళలో కిటికీ రెక్కలు పక్కలకు తెరుచుకోవు, పైకీ కిందికీ జరుగుతాయి. తాడుకు ఒక కొసన చెక్క రెక్క, రెండో కొసన చట్రం లోపల దాగిన ఇనుప గుండు, మధ్యన గిలక. అంతా ఆ తాడు మీదే ఆధారపడి ఉంటుంది.

మిల్లు పోయాక, మిగిలిపోయిన రెండు తాడు చుట్టలు భుజాన వేసుకుని ఆమె వాటీ మిల్న్ కొట్టుకు వెళ్ళింది. ఆ కిటికీలు బాగుచేయడం తెలిసిన వడ్రంగి ఊళ్ళో అతనొక్కడే మిగిలాడు. భార్య పోయిన మనిషి, మాట కరుకు. తాళ్ళు కొంటాడేమోనని వెళ్ళిందామె. అతను తాడును గోటితో గీకి, రెండు చేతులా లాగి చూసి, ఇది నువ్వల్లిందేనా అని అడిగాడు. అవునంటే, అయితే సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నాడు. ఆడమనిషి నిచ్చెనెక్కితే ఊరు నవ్వదా అని ఎవరో అంటే, నవ్వినవాళ్ళ కిటికీలు అందరికన్నా ఆఖర్న బాగుచేద్దాంలే అన్నాడట.

పని ఇట్టే పట్టుబడింది. జరిగిన తప్పల్లా ఒక్కటే. మొదటి మూడు నెలలూ గుండుకు తాడు కట్టేటప్పుడు ఆమె మిల్లులో అలవాటైన ముడే వేస్తూ వచ్చింది. తాడు చుట్టలు కట్టడానికి ఆ ముడి చక్కగా సరిపోతుంది. ఏళ్ళ తరబడి ఇనుము వేలాడితే మాత్రం ఏదో ఒకరోజు జారుతుంది. వాటీ అది కనిపెట్టి, కేకలేమీ వేయకుండా, అప్పటిదాకా చేసిన ఏడిళ్ళకూ తిరిగి వెళ్ళి ముడులు మార్చి రమ్మన్నాడు. ఆరిళ్ళలో మార్చింది. ఏడోది కొండవీధిలో లోరిమర్ల ఇల్లు. వాళ్ళు వేసవికి ఊరెళ్ళారు, తలుపుకు తాళముంది. పై వారం వెళ్దాంలే అనుకుంది. ఈలోగా వాటీ, అన్నీ అయ్యాయా అని అడిగాడు. అయ్యాయంది. పై వారం వేరే పని వచ్చింది. ఆ తర్వాత ఆ సంగతి మరిచిపోయానని తనను తాను నమ్మించుకుంది.

పంతొమ్మిదేళ్ళు గడిచాయి. వాటీకి చేతులు వణకడం మొదలై, పనంతా నెట్టా మీద పడింది. అతను కొట్టులో పొయ్యి పక్కన కూర్చుని, ఆమె చిత్రిక పట్టిన చెక్కల మీద అరచెయ్యి పెట్టి చూసి వంకలు పెట్టేవాడు.

అప్పుడు లోరిమర్ల ఇంటినుంచి పిలుపు వచ్చింది. ఆ ఇంట్లో ఇప్పుడు మిస్ యూఫీమియా లోరిమర్ ఒక్కతే ఉంటోంది. ముప్పై ఏళ్ళు చర్చిలో ఆర్గన్ వాయించిన మనిషి. నాలుగేళ్ళ కిందట గదికి గాలి తగలాలని కిటికీ ఎత్తి, గట్టు మీద చెయ్యి ఆనించి వీధిలోకి చూస్తుంటే, ఒక పక్క తాడు వదిలేసి రెక్క ఒక్క ఊపున ఆమె కుడిచేతి మీద పడింది. రెండు వేళ్ళు మళ్ళీ వంగలేదు. ఆనాడే ఇంట్లో పదకొండు కిటికీలకూ మేకులు కొట్టించేసింది. ఇప్పుడు వాటన్నిటినీ పీకించి ప్లాస్టిక్‌వి పెట్టించబోతోంది. ఒక్కటి బాగుచేయించి చూడండి, తర్వాత మీ ఇష్టం అని పక్కింటావిడ బతిమాలితే, సరే, ఆ పడినదాన్నే చెయ్యమనండి అంది.

నెట్టా మేకులు పీకి, రెక్కను దించి, చట్రం పక్కనున్న చిన్న పలకను ఊడదీసింది. గుండు అడుగున దుమ్ములో పడి ఉంది. దాని చెవిలోంచి జారిపోయిన తాడు కొసన, సగం విడిన ముడి అలాగే ఉంది. ఆ ముడి తనదే. ఎవరి చేతిరాత వాళ్ళకు తెలియదూ!

ముడి ఉన్న కొసను కోసి తీసుకుని, కిటికీ ఖాళీకి పలక బిగించి, రెక్కను బండిలో వేసుకుని, మధ్యాహ్నం అన్నం వేళకే కొట్టుకు వచ్చేసి, ఆ ముడి వాటీ ఒళ్ళో పెట్టింది. ఆనాడు తాను చెప్పింది అబద్ధమని చెప్పింది.

"తెలుసులే పిల్లా. ఆ వారం లోరిమర్లు ఊళ్ళో లేరని పాలవాడు చెప్పాడు. నువ్వే వెళ్తావనుకున్నా. నేను వెళ్ళి చూడాల్సింది, చూళ్ళేదు."

"ఇన్నేళ్ళలో ఒక్క మాటైనా అనలేదే, మేస్త్రీ?"

"ఏమని అనను? అందులో సగం నాదైతే."

మిస్ లోరిమర్‌కు చెప్పాలా వద్దా అని నెట్టా అడగలేదు. అతనూ సలహా ఇవ్వలేదు. నెట్టా కోటు తొడుక్కుంటుంటే మాత్రం, పడబోతున్న మఫ్లర్‌ను తీసి వణికే చేతులతోనే ఆమె మెడకు చుట్టాడు.

మిస్ లోరిమర్ టీ పోస్తోంది. నెట్టా కూర్చోకుండానే ముడిని ఆమె ముందు బల్ల మీద పెట్టింది.

"ఈ ముడి వేసింది నేనే. ఇది నిలవదని తెలిశాక కూడా వచ్చి మార్చలేదు. మార్చానని మా మేస్త్రీకి అబద్ధం చెప్పాను."

మిస్ లోరిమర్ ముడి వంక చూసింది, తర్వాత తన చేతి వంక చూసుకుంది. "ఇవాళ్టికి వెళ్ళమ్మా," అంది. గొంతులో కోపం లేదు. కోపముంటే నెట్టాకు తేలికగా ఉండేది.

రెండు రోజులు కబురు లేదు. నెట్టా మాత్రం పని ఆపలేదు. రెక్క కింది అడ్డచెక్కలో పుచ్చిపోయినంత మేర కోసి, కొత్త చెక్క అతికింది. అలలు తేలిన పాత అద్దాలను పగలకుండా తీసి, మళ్ళీ లప్పం పెట్టి కూర్చింది. మూడోరోజు పొద్దున కొట్టు తలుపు తోసుకుని మిస్ లోరిమర్ వచ్చింది, చర్చికి పెట్టుకునే టోపీతో. వాటీ లేచి తన కుర్చీ ఆమెకిచ్చాడు.

"సరైన ముడి ఎలా వేస్తారో నాకు చూపించు," అంది నెట్టాతో.

నెట్టా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని నెమ్మదిగా చూపించింది. వంగని వేళ్ళలోంచి తాడు మూడుసార్లు జారిపోయింది. సాయం చెయ్యబోతే కసిరింది. నాలుగోసారి ముడి పడింది. వాటీ దానికి గుండు తగిలించి, నిలబడి వంద లెక్కపెట్టాడు. కదల్లేదు.

"ఒక పక్క దీన్నే పెట్టు. రెండో పక్క నువ్వు వెయ్యి. మళ్ళీ పడిందంటే ఇద్దరం కలిసి ఏడుద్దాం," అంది మిస్ లోరిమర్.

మర్నాడు రెక్కను చట్రంలో కూర్చి, గాడుల్లో కొవ్వొత్తి రుద్దింది నెట్టా. పైకెత్తితే, అది ఎక్కడ వదిలితే అక్కడే నిలిచింది. మిస్ లోరిమర్ మాత్రం గది మధ్యనుంచి ముందుకు రాలేదు. నెట్టా వెళ్ళి, ఎత్తిన రెక్క కింద గట్టు మీద తన రెండు చేతులూ పరిచిపెట్టి నిలబడింది.

"చాల్లే, తియ్యి చేతులు. అవి రేపు పనికి కావాలి," అంటూ ఆమె దగ్గరికొచ్చింది. వంగని వేలే అడ్డచెక్క కింద పెట్టి తోసింది. బరువే లేనట్టు రెక్క పైకి వెళ్ళిపోయింది. నాలుగేళ్ళ తర్వాత ఆ గదిలోకి సముద్రపు గాలి వచ్చింది, కింద వీధిలో చేపలు కాల్చే పొగ వాసనతో సహా. ఆమె కళ్ళు తుడుచుకుని, పొగకు కళ్ళు మండుతున్నాయంది.

ప్లాస్టిక్ కిటికీలు వద్దని ఆమే ఫోన్ చేసి చెప్పింది. తక్కిన పదీ పూర్తవడానికి రెండు వేసవులు పట్టాయి. వేళ్ళు మాత్రం బాగుపడలేదు. మిస్ లోరిమర్ మళ్ళీ ఆర్గన్ ముందు కూర్చోలేదు. ఆ సంగతి నెట్టా ఎన్నడూ మరవలేదు, మిస్ లోరిమర్ దాన్ని ఎన్నడూ ఎత్తలేదు. గురువారాలు ఇద్దరూ కలిసి భోంచేసేవాళ్ళు.

పదకొండో కిటికీ అయిన ఏడాది శరత్కాలంలో పెద్ద గాలివాన వచ్చింది. తెల్లారగానే కొట్టులో ఫోన్ మోగింది. ఏం విరిగిందోననుకుంటూ నెట్టా ఫోన్ ఎత్తింది.

"అరవై ఏళ్ళు ఆ కిటికీల టకటకల్లోనే నిద్రపోయాను. రాత్రి ఒక్కటంటే ఒక్కటి కిక్కురుమనలేదు. నాకేమో కంటి మీద కునుకు లేదు. కాస్త చప్పుడయ్యేట్టు ఒక్కదాన్నైనా వదులు చేసి పెట్టకూడదూ?" అంది మిస్ లోరిమర్.

నెట్టా ఆ మాట చెబితే, పొయ్యి పక్కన వాటీ దగ్గొచ్చేదాకా నవ్వాడు.