కావాలనుకుంటే జతచేయవచ్చు

ఆ దరఖాస్తు చివరి పేజీ అడుగున ఒక్క వాక్యం ఉండేది: "కావాలనుకుంటే రెజ్యూమె జతచేయవచ్చు." నన్ను పది రోజులు కుదురుగా కూర్చోనీయనిది ఆ "కావాలనుకుంటే" అన్న మాటే. పెట్టాలంటే పెట్టమనాలి, వద్దంటే వద్దనాలి. మన ఇష్టానికి వదిలేస్తే నాలాంటి దానికి ఒళ్లు మండదా?

అప్పుడు నేను వనపర్తిలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. దరఖాస్తు బెంగళూరులోని ఒక కాలేజీకి. సీటొస్తే చదువూ తిండీ అన్నీ వాళ్లే చూసుకుంటారు. రాకపోతే నాగర్‌కర్నూల్‌లో మేనమామ ఇంట్లో ఉండి, అత్త చెప్పిన పనులన్నీ చేసి, మిగిలిన టైంలో డిగ్రీ చదవాలి. అది తలుచుకుంటేనే నాకు ఊపిరాడేది కాదు. దసరా సెలవులకు గట్టు మండలంలోని మా ఊరికి వచ్చాను. సెలవులు ముగిసే రోజే ఆఖరి తేదీ.

రెజ్యూమె పెట్టాలా వద్దా అని మా ఇంటర్ కాలేజీ మేడంకు ఫోన్ చేశాను. ఆమె తాపీగా చెప్పింది: "మార్కులు ఫారంల ఉన్నయి గదా. అవే మల్ల రాస్తే చదివెటోళ్లకు విసుగు. ఫారం అడగనిది నీ దగ్గర ఏమన్న ఉంటే పెట్టు, లేకుంటే ఊకో."

ఏముంది నా దగ్గర? ఆటల్లో ఒక్క కప్పు లేదు, పాట రాదు, స్టేజీ ఎక్కితే కాళ్లు వణుకుతాయి. అయినా మనసాగక, రెజ్యూమె చేయిద్దామని గద్వాల బస్సెక్కాను. నెట్ సెంటర్ అన్న దగ్గర ఉన్నది ఒకటే నమూనా, పెళ్లి బయోడేటాది. ఎత్తు అడిగాడు, రంగు అడిగాడు, మేనమామలది ఏ ఊరని కూడా అడిగాడు. కాలేజీకి అన్నా అంటే, "అన్నిటికి గిదే పెడ్తరు చెల్లె" అన్నాడు. అవన్నీ తీసేయించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. చివర కొత్తగా చేర్చిన "అనుభవం" అన్న గడిలో ఆయనే "లేదు" అని కొట్టాడు.

అది చూడగానే ఎక్కడలేని కోపం వచ్చింది. లేకపోవడమేంటి? మా దిక్కు విత్తనాల పత్తి చేనులో పెరిగిన ఏ ఆడపిల్లనైనా అడగండి. మధ్యాహ్నం పూట ఆడదిగా ఎంచిన మొక్క మొగ్గను గోరుతో చీల్చి, లోపలి పుప్పొడి కేసరాలను ఒలిచేసి, గుర్తుకు ఎర్ర కాగితం తొడగాలి. మరునాడు పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. గోరు కాస్త లోతుకు దిగినా కాయ కట్టదు. దాన్నే క్రాసింగ్ అంటాం.

"క్రాసింగ్ అని రాయన్నా," అన్నాను.

"ఎప్పటి సంది చేస్తున్నవ్?"

"ఆరో తరగతి సంది, మా అమ్మతోని."

అన్న కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాడు. "వద్దు చెల్లె. చిన్నపిల్లతోని పని చేయించిందని మీ అమ్మను అడుగుతరు. జర సోంచాయించు."

వాదించి రాయించాను గానీ, అప్‌లోడ్ చేయించే ధైర్యం లేక ప్రింటు తీసుకుని వచ్చేశాను. బస్సులో ఆ కాగితాన్ని ఎన్నిసార్లు మడిచానో, ఎన్నిసార్లు విప్పానో. ఆ క్రాసింగ్ వాక్యం ఉంటేనే రెజ్యూమె పెట్టడంలో అర్థముంది. ఉంటే మాత్రం అమ్మ తప్పు చేసిందని నేనే రాసిచ్చినట్టు. బస్సు దిగి, మళ్లీ గద్వాల పోయి తీసేయిద్దామా అని కాసేపు అక్కడే నిలబడి, చివరికి ఇంటిదారి పట్టాను.

మరునాడు పొద్దున చేనులో అమ్మా నేనూ చెరో సాలు పట్టాం. నాన్న పుణెకు కట్టుడు పనికి పోవడంతో ఆ కౌలు చేనుకు అమ్మ ఒక్కతే దిక్కు. ఆమెకు చదువు రాదు. నేనే కాగితం విప్పి చదివాను. "ఆరో తరగతి నుంచి అమ్మతో పాటు పత్తి క్రాసింగ్ చేస్తున్నాను" అన్న దాకా చదివి ఆగాను. నెట్ సెంటర్ అన్న అన్నది కూడా చెప్పాను.

అమ్మ చెయ్యి ఆగలేదు. పువ్వు రుద్దుకుంటూ సాలు చివరిదాకా పోయింది. నేను కాగితం పట్టుకుని వెనకే నడిచాను.

"ఏమంటవమ్మా? తీసేయాల్నా?"

"ఆరు గాదు," అంది. "ఐదో తరగతి దసరా సెలవులు. నువ్వు మర్సినవ్. మీదికున్న మొగ్గలు నీకు అందకపోతుండె, నేను కొమ్మ వంచి పడ్తుంటి. రాస్తే సక్కగ రాయి."

నాకు ఏడుపొచ్చింది, సిగ్గూ వేసింది. ఆ మధ్యాహ్నమే గద్వాల పోయి ఆరును ఐదు చేయించి పంపించాను.

సీటొచ్చింది. ఇంటర్వ్యూలో ఇష్టమైన సబ్జెక్టేమిటన్నారు, ఇంగ్లీషులో ఇబ్బంది ఉంటుందా అన్నారు. ఆ వాక్యం ఊసే ఎత్తలేదు. అసలు ఎవరైనా చదివారో లేదో కూడా తెలియదు. అమ్మ మాత్రం నేను బెంగళూరు వచ్చాక కూడా ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది: "నన్నేమన్న అడిగిన్రా?"

ఒకరోజు విసుక్కున్నాను. "ఎన్నిసార్లు చెప్పాలమ్మా? ఎవ్వరేమనరు. నువ్వు పరేషాన్ గాకు."

"పరేషాన్ గాదు బిడ్డా," అంది. "అడిగితే చెప్దామనుకున్న."

క్లాసుకు టైమైందని ఫోన్ పెట్టేశాను. ఏం చెప్పాలనుకుందో నేను కూడా అడగలేదు.